అక్టోబర్‌లో షెనండోవా: రెండు రాత్రుల ట్రిప్‌కి బ్యాగ్ తేలిగ్గా, ఒళ్ళు వెచ్చగా ఉండేలా సర్దుకోవడం ఎలా

అక్టోబర్ వచ్చిందంటే వర్జీనియాలో ఆష్‌బర్న్, హెర్న్‌డన్ సైడ్ మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల, ఫాల్ కలర్స్ పీక్ ఎప్పుడు, స్కైలైన్ డ్రైవ్‌లో ట్రాఫిక్ ఎంత ఉంటుంది, పిల్లల్ని తీస్కెళ్ళొచ్చా అని. కార్ దిగి వ్యూపాయింట్ దగ్గర నాలుగు ఫోటోలు తీస్కొని సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్ళకి ఇది అక్కర్లేదు. శుక్రవారం లీవ్ పెట్టి, బ్యాగ్ భుజానికేసుకుని, రెండు రాత్రులు అడవిలో పడుకుని ఆదివారం దిగుదాం అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. షెనండోవా నేషనల్ పార్క్ దీనికి బాగా సరిపోతుంది, 105 మైళ్ళ స్కైలైన్ డ్రైవ్ పక్కపక్కనే అప్పలాచియన్ ట్రైల్ అనే నడకదారి 101 మైళ్ళు పోతుంటుంది కాబట్టి ఎక్కడ ఎక్కాలన్నా ఎక్కడ దిగాలన్నా రోడ్డు మరీ దూరంగా ఉండదు.

ఒక్క విషయం ముందే చెప్పేస్తా, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. ఎండాకాలంలో బరువు తగ్గించడం ఈజీ, ఏది వదిలేసినా మహా అయితే కాస్త ఇబ్బంది పడతాం. ఫాల్‌లో అలా కుదరదు. వెచ్చదనం ఇచ్చే సామాన్లలో కోత పెట్టకూడదు, పడక, పొడి బట్టలు, రెయిన్ జాకెట్, హెడ్‌ల్యాంప్ ఈ నాలుగింటి జోలికి పోవద్దు. బరువు తగ్గించాల్సింది మిగతా చోట్ల. అక్కడ బోలెడంత ఉంటుంది, చూద్దాం.

స్టెప్ 1: ముందు రాత్రి టెంపరేచర్ తేల్చుకోండి

షాపింగ్ కంటే ముందు చేయాల్సిన పని ఇది. మనవాళ్ళు ఎక్కువమంది ఫోన్‌లో లురే అని కొట్టి రాత్రి 47 ఫారెన్‌హీట్ అని చూసి పర్లేదులే అనుకుంటారు. లురే ఊరు లోయలో, సుమారు 800 అడుగుల ఎత్తులో ఉంది, మీరు పడుకునేది పైన రిడ్జ్, అంటే కొండ వీపు మీద, బిగ్ మెడోస్ చుట్టుపక్కల అయితే 3,500 అడుగులు. ప్రతి వెయ్యి అడుగులకి మూడున్నర నుంచి ఐదు డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా తగ్గుతుంది, అంటే కింద 47 అంటే పైన 37 అనుకోవాలి, పైగా గాలి. అందుకే నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో మ్యాప్ మీద మీరు పడుకోబోయే చోటనే క్లిక్ చేసి చూడండి, ఆ పాయింట్ ఎత్తు ఎంతో కూడా అక్కడే చూపిస్తుంది.

అక్టోబర్ మధ్యలో ఆ రిడ్జ్ మీద రాత్రులు మామూలుగా 40 దగ్గర ఉంటాయి, మబ్బు లేకుండా ఆకాశం తేటగా ఉన్న రాత్రి 32 కి, అంటే సున్నా సెల్సియస్‌కి పడిపోవడం పెద్ద వింతేం కాదు. వచ్చిన నంబర్‌లోంచి ఇంకో పది తీసేసి, అంటే 38 అని చూపిస్తే 28 కి ప్లాన్ చేసుకోండి. ఆ నంబర్ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, బ్యాగ్‌లో పెట్టే ప్రతి వస్తువునీ దాంతోనే పోల్చి చూడాలి.

ఇంకోటి చీకటి. అక్టోబర్ మధ్యకల్లా సాయంత్రం ఆరున్నరకి సూర్యుడు దిగిపోతాడు, పొద్దున ఏడు దాటితేగానీ రాడు. అంటే దాదాపు పన్నెండు గంటలు టెంట్‌లోనే ఉంటారు. జూలైలో ఆరు గంటలు ఎలాగోలా వణుక్కుంటూ గడిపేయొచ్చు గానీ పన్నెండు గంటలు గడపలేం.

స్టెప్ 2: ఇంట్లో ఉన్నదంతా తూకం వేయండి

వంటింట్లో వాడే డిజిటల్ తూకం చాలు. ఏదైనా షీట్‌లో వస్తువు పేరు, గ్రాములు రాసుకోండి. అమెరికాలో అన్నీ ఔన్సుల్లో రాస్తారు, ఒక ఔన్సు సుమారు 28 గ్రాములు, ఒక పౌండ్ 454 గ్రాములు.

ఇందులో బేస్ వెయిట్ అని ఒక మాట వాడతారు, అంటే తిండి, నీళ్ళు, గ్యాస్ లాంటి ఖర్చయిపోయేవి, ఒంటి మీద వేసుకున్నవి తీసేసి బ్యాగ్‌తో సహా మిగతా బరువు. 20 పౌండ్ల లోపు ఉంటే లైట్‌వెయిట్ అంటారు, 10 లోపు ఉంటే అల్ట్రాలైట్. ఫాల్‌లో మొదటిసారి వెళ్ళేవాళ్ళు 10 వెంట పడొద్దు, అది గొప్పలు చెప్పుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు, 12 నుంచి 15 మధ్య వస్తే హాయిగా నడుస్తారు.

తూకం వేశాక షీట్‌ని బరువు ప్రకారం సార్ట్ చేయండి. పైన నాలుగే ఉంటాయి, బ్యాగ్, టెంట్, స్లీపింగ్ బ్యాగ్, దాని కింద పరిచే ప్యాడ్. సగం బరువు అక్కడే. టూత్‌బ్రష్ పిడి విరిచి మూడు గ్రాములు తగ్గించేవాళ్ళని చూస్తుంటాం కదా, వాళ్ళ టెంట్ ఆరు పౌండ్లు ఉంటుంది.

స్టెప్ 3: పడక, ఇక్కడ డబ్బు పెట్టండి

స్లీపింగ్ బ్యాగ్ మీద 20 డిగ్రీలు అని రాసి ఉంటే 20 ఫారెన్‌హీట్‌లో హాయిగా నిద్రపడుతుందని కాదు. టెస్టింగ్ స్టాండర్డ్ ప్రకారం రెండు నంబర్లు ఉంటాయి, ఒకటి కంఫర్ట్, ఇంకోటి లోయర్ లిమిట్. పెద్దక్షరాల్లో పేరుగా పెట్టేది చాలాసార్లు లోయర్ లిమిట్, అంటే ముడుచుకుని పడుకుంటే తట్టుకోగలిగే నంబర్. కంఫర్ట్ దానికంటే సుమారు పది డిగ్రీలు పైన ఉంటుంది. కాబట్టి కాగితం మీద 28 రాసుకున్నవాళ్ళకి 20 డిగ్రీల బ్యాగే కావాలి, చలి ఎక్కువ వేసే ఒళ్ళయితే ఇంకా కిందది. మనలో హైదరాబాద్ డిసెంబర్‌కే స్వెట్టర్ తీసేవాళ్ళు చాలామంది, మొహమాటం లేకుండా వెచ్చనిదే కొనండి.

డౌన్ అంటే బాతు, పెద్దబాతుల మెత్తటి ఈకలు, అదే వెచ్చదనానికి సింథటిక్ కంటే చాలా తేలిక, చిన్నగా నొక్కుకుపోతుంది, కానీ తడిస్తే పని చేయదు. 800 పైన ఫిల్ పవర్ (ఈక ఎంత పొంగుతుందో చెప్పే నంబర్) ఉన్న డౌన్ క్విల్ట్ అయితే ఏడెనిమిది వందల గ్రాముల్లో వచ్చేస్తుంది. క్విల్ట్ అంటే కింద వైపు లేని స్లీపింగ్ బ్యాగ్, ఎలాగూ మన ఒంటి కింద నలిగిన ఈకలు వెచ్చదనం ఇవ్వవు కదా, అందుకే ఆ భాగం తీసేశారు. ఊరికే అటూ ఇటూ పొర్లేవాళ్ళకి పక్కల నుంచి చలిగాలి దూరుతుంది, వాళ్ళు ఒంటి చుట్టూ మూసుకునే మమ్మీ బ్యాగ్ తీస్కోవడమే మంచిది. అమ్మ ఫోన్‌లో "రగ్గు పెట్టుకున్నావా నాన్నా" అని అడిగితే పెట్టుకున్నా అని చెప్పేయండి గానీ ఇంట్లో కంఫర్టర్ చుట్టి బ్యాగ్‌కి కట్టొద్దు, బరువుకి బరువు, తడిస్తే ఇక అంతే.

బ్యాగ్ కంటే ఎక్కువమంది అశ్రద్ధ చేసేది కింద వేసుకునే ప్యాడ్. చలి నేలలోంచి వస్తుంది. ప్యాడ్‌కి ఆర్-వాల్యూ అని ఉంటుంది, ఎక్కువ ఉంటే అంత వేడి నిలుస్తుంది. సున్నా సెల్సియస్ చుట్టుపక్కల రాత్రులకి 4 దగ్గర ఉండేలా చూస్కోండి. థెర్మరెస్ట్ నియోఎయిర్ ఎక్స్‌లైట్ లాంటివి 4.5 ఆర్-వాల్యూతో 370 గ్రాముల్లో వస్తాయి, ఖరీదెక్కువ. మడతపెట్టే ఫోమ్ ప్యాడ్లు చవక, పంక్చర్ భయం లేదు, కానీ ఆర్-వాల్యూ 2 దగ్గరే ఆగిపోతుంది. మంచి సంగతేంటంటే ఆర్-వాల్యూలు కూడుకుంటాయి, మీ దగ్గర ఎండాకాలం వాడే 2.5 గాలి ప్యాడ్ ఉంటే కింద ఫోమ్ ప్యాడ్ ఒకటి వేస్తే 4.5 అయిపోతుంది, కొత్తది కొనక్కర్లేదు. ఆ ఫోమే పొద్దున కాఫీ తాగేటప్పుడు కూర్చోవడానికి కుర్చీ కూడా.

ఒకే ట్రిప్ కోసం ఇవన్నీ కొనడం దండగ అనిపిస్తే ఔట్‌డోర్ సామాను అమ్మే ఆర్ఈఐ స్టోర్లు కొన్నిట్లో అద్దెకిస్తారు, చాలా యూనివర్సిటీల్లో ఔట్‌డోర్ క్లబ్బులు కూడా ఇస్తాయి. ఎమ్మెస్ చేసే పిల్లలు అక్కడ అడగండి.

స్టెప్ 4: టెంట్

ఒక మనిషికి కిలో లోపు, ఇద్దరికి కిలోన్నర లోపు అని పెట్టుకోండి. ఇద్దరు వెళ్తుంటే టెంట్ ఒకరు, వంట సామాను ఒకరు మోస్తే తలకి ఇంకా తగ్గుతుంది. చేతికర్రలు వాడే అలవాటుంటే వాటినే స్తంభాలుగా వాడే టెంట్లు తేలిక, స్తంభాల బరువు పూర్తిగా పోతుంది.

ఫాల్‌లో టెంట్‌కి అసలు సమస్య వాన కాదు, లోపల పట్టే చెమ్మ. మన ఊపిరి చల్లటి గుడ్డకి తగిలి నీళ్ళవుతుంది, అది డౌన్ మీద పడుతుంది. దానికి మందు టెంట్‌లో లేదు, చోటులో ఉంది. వాగు పక్కన, లోయ అడుగున, గడ్డి మైదానంలో టెంట్ వేయొద్దు, రాత్రి చల్లగాలి బరువెక్కి కిందకి దిగి అక్కడే నిలుస్తుంది. కొంచెం ఎగువన, చెట్ల కింద వేస్తే కొన్ని డిగ్రీలు వెచ్చగా, పొడిగా ఉంటుంది. అంటే ఏ బరువూ లేకుండా వెచ్చదనం. వేసే ముందు తలెత్తి ఎండిన కొమ్మలు ఉన్నాయేమో చూడండి, ఆ పార్క్‌లో చచ్చిన చెట్లు చాలా ఉన్నాయి.

గ్రౌండ్‌షీట్ కంపెనీది రెండొందల గ్రాములు ఉంటుంది, దాని బదులు కిటికీలకి చలికాలంలో అంటించే సన్నటి ప్లాస్టిక్ షీట్ హార్డ్‌వేర్ షాపులో కొని కత్తిరించుకోండి, బరువు చాలా తక్కువ.

స్టెప్ 5: బట్టలు, ఎక్కువ బరువు దాక్కునేది ఇక్కడే

రోజుకో జత అనే లెక్క ఇంటి దగ్గరే వదిలేయండి. రెండు రాత్రులకి కావాల్సింది నడిచే జత ఒకటి, పడుకునే జత ఒకటి, మధ్యలో వేసుకునే వెచ్చటివి. అంతే. కంపు కొడతాం కదా అంటే కొడతాం, అందరూ కొడతారు.

నడిచే జత: పాలిస్టర్ లేదా మెరినో ఉన్ని టీషర్ట్, నైలాన్ ప్యాంట్. కాటన్ వద్దు, జీన్స్ అసలే వద్దు, తడిస్తే ఆరవు, ఒంటి వేడి లాగేస్తాయి. 30 నుంచి 50 డిగ్రీల మధ్య వానలో తడిసి గాలికి నిలబడినవాళ్ళకి హైపోథర్మియా వస్తుంది, అంటే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోతుంది, దానికి మంచు పడక్కర్లేదు, ఇది సరదా విషయం కాదు.

పడుకునే జత: థర్మల్ పైది, కిందది, మందపాటి సాక్సులు. ఇవి టెంట్‌లో తప్ప ఎక్కడా వేసుకోకూడదు, ఎప్పుడూ పొడిగా ఉండాలి, పగలంతా తడిసి ముద్దయినా రాత్రికి ఇవి ఉన్నాయన్న ధైర్యం ఉండాలి.

మధ్యవి మూడు. పల్చటి ఫ్లీస్ ఒకటి 250 గ్రాములు, నడుస్తూ కూడా వేసుకోవచ్చు. పఫీ జాకెట్, అంటే లోపల ఈకలో దూదో నింపిన ఉబ్బు జాకెట్, ఒకటి 300 గ్రాములు, ఇది ఆగినప్పుడు మాత్రమే, నడుస్తూ వేసుకుంటే చెమటకి తడిసిపోతుంది. కాస్ట్‌కోలో దొరికే పల్చటి డౌన్ జాకెట్ 40 డిగ్రీలకి చాలు, 28 కి చాలదు. రెయిన్ జాకెట్ ఒకటి, ఇది గాలిని కూడా ఆపుతుంది కాబట్టి విడిగా విండ్ జాకెట్ అక్కర్లేదు. రెయిన్ ప్యాంట్ మీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి, ఫోర్‌కాస్ట్‌లో వాన ఉంటే పెట్టుకోమంటా, లేకపోతే వద్దంటా.

తలకి టోపీ, చేతికి పల్చటి గ్లవ్స్, ఒక అదనపు సాక్సుల జత. టోపీ అంటే గుర్తొచ్చింది, మన మంకీ క్యాప్‌ని చూసి అందరూ నవ్వుతారు గానీ మొహం, చెవులు, మెడ మూడూ కప్పే వస్తువు ఇంత తక్కువ బరువులో ఇంకోటి లేదు, క్విల్ట్‌కి హుడ్ ఉండదు కాబట్టి పడుకునేటప్పుడు అదే రాజు. ఆర్ఈఐలో బాలాక్లావా అని అమ్మేదీ అదే.

బూట్లు మీ ఇష్టం, నేనైతే ట్రైల్ రన్నర్స్ అంటా, తేలిక, త్వరగా ఆరతాయి. తడిసిన ఆకులు రాళ్ళ మీద పరుచుకుని ఉంటాయి, కింద ఏముందో కనపడదు, జారతారు, కాబట్టి గ్రిప్ అరిగిపోయిన పాతవి మాత్రం వద్దు. చేతికర్రలు ఇక్కడే పనికొస్తాయి.

ఇంకొక మాట, క్యాంప్‌ఫైర్ వేసుకుని వెచ్చగా కూర్చుందాంలే అని ఒక జాకెట్ తగ్గించేవాళ్ళు ఉంటారు. షెనండోవా బ్యాక్‌కంట్రీలో, అంటే రోడ్లకి దూరంగా ఉండే అడవిలో, నిప్పు పెట్టకూడదు, ట్రైల్ హట్ల దగ్గర ముందే కట్టి ఉన్న పొయ్యిల్లో తప్ప. అది మీ ప్లాన్‌లో ఉంటే కొట్టేయండి.

స్టెప్ 6: తిండి, గ్యాస్

మనిషికి రోజుకి ఒకటిన్నర నుంచి రెండు పౌండ్లు, చలిలో రెండుకి దగ్గరగా. చూడాల్సింది ఒక్క గ్రాముకి ఎన్ని క్యాలరీలు అని, సగటున నాలుగున్నర వస్తే మంచి మెనూ. నెయ్యి, నూనె తొమ్మిది దగ్గర ఉంటాయి, వేరుశనగలు, జీడిపప్పు ఆరు దగ్గర. ఇక్కడ మనవాళ్ళకి ఉన్నంత సౌకర్యం ఇంకెవరికీ లేదు. ఫ్రీజ్-డ్రైడ్ ప్యాకెట్ ఒక్కోటి పది డాలర్ల పైన పెట్టి ఆ రుచీపచీ లేనిది తినే బదులు ఇంట్లోనే కలుపుకోండి.

రవ్వ వేయించి, పోపు పెట్టి, ఎండబెట్టిన కూరగాయ ముక్కలు, పాలపొడి కాస్త కలిపి జిప్‌లాక్‌లో పోస్తే ఉప్మా రెడీ, వేడినీళ్ళు పోసి పది నిమిషాలు మూత పెట్టాలి. పల్చటి అటుకులు అంతకంటే త్వరగా అయిపోతాయి. ఇన్‌స్టంట్ రైస్‌లో పులిహోర పేస్ట్, గుప్పెడు పల్లీలు. లేకపోతే అదే రైస్‌లో కందిపొడి, ఒక స్పూన్ నెయ్యి, నలభై డిగ్రీల చలిలో ఆ ముద్ద నోట్లో పెట్టుకుంటే ఇక మాటల్లేవ్. నడిచేటప్పుడు పల్లీ చిక్కీ, సున్నుండలు, ఖర్జూరం. రాత్రి పడుకునే ముందు ఒక సున్నుండ తినండి, కొవ్వు నెమ్మదిగా అరుగుతూ ఒంట్లో వేడి పుట్టిస్తుంది.

తేకూడనివి: రెడీ-టు-ఈట్ కూర ప్యాకెట్లు, సగానికి సగం నీళ్ళే మోస్తున్నట్టు. గాజు సీసాలో ఆవకాయ, సీసానే పావుకిలో ఉంటుంది, కావాలంటే చిన్న స్క్రూ మూత డబ్బాలో రెండు స్పూన్లు వేసుకోండి. పాలు, పెరుగు, పచ్చి కూరగాయలు వద్దు. ప్యాకింగ్ డబ్బాలన్నీ ఇంట్లోనే విప్పేసి జిప్‌లాక్‌లోకి మార్చండి, చెత్త కూడా మోసుకునే తిరిగి రావాలి కాబట్టి రెండు వైపులా లాభం.

వంటకి 750 మిల్లీలీటర్ల టైటానియం గిన్నె ఒకటి, అదే గిన్నె, అదే ప్లేటు, అదే కప్పు. పొడుగు స్పూన్ ఒకటి. స్టవ్ 25 నుంచి 80 గ్రాముల్లో దొరుకుతుంది, గాలికి ఆరిపోకుండా చూస్కోవాలి. 110 గ్రాముల చిన్న గ్యాస్ డబ్బా ఒకరికి రెండు రాత్రులకి ఎక్కువే, అర లీటర్ మరగడానికి ఏడు నుంచి పది గ్రాములు పడుతుంది. చలిలో గ్యాస్ మందగిస్తుంది, ఎందుకంటే మామూలు బ్యూటేన్ సున్నా సెల్సియస్ దగ్గర ఆవిరవడం మానేస్తుంది, ఐసోబ్యూటేన్ అయితే మైనస్ 11 దాకా పని చేస్తుంది. అందుకే ఐసోబ్యూటేన్, ప్రొపేన్ మిక్స్ అని రాసి ఉన్నదే కొనండి, రాత్రి క్విల్ట్‌లో కాళ్ళ దగ్గర పెట్టుకుంటే పొద్దున చక్కగా వెలుగుతుంది. టెంట్ లోపల మాత్రం వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణం పోతుంది. టెక్సాస్ నుంచో కాలిఫోర్నియా నుంచో ఫ్లైట్‌లో వచ్చేవాళ్ళు గ్యాస్ డబ్బా ఇక్కడికొచ్చాకే కొనాలి, చెకిన్‌లో కూడా ఒప్పుకోరు.

స్టెప్ 7: ఎలుగుబంటి

షెనండోవాలో నల్ల ఎలుగుబంట్లు బాగా ఉన్నాయి, ఫాల్‌లో అవి చలికాలానికి కొవ్వు పెంచుకోవడం కోసం రోజంతా తింటూనే తిరుగుతాయి. ఇంగువ వాసన వచ్చే మన పులిహోర వాటికి ఎంత దూరం నుంచి తెలుస్తుందో ఆలోచించండి. తిండి, టూత్‌పేస్ట్, లిప్‌బామ్, చెత్త, వాసనొచ్చేది ఏదీ టెంట్‌లో పెట్టొద్దు.

పార్క్ రూల్ ప్రకారం తిండిని నేల నుంచి 10 అడుగుల ఎత్తులో, చెట్టు మొదలు నుంచి 4 అడుగులు దూరంగా వేలాడదీయాలి, లేదంటే బేర్ క్యానిస్టర్ (ఎలుగు తెరవలేని గట్టి డబ్బా), హట్ల దగ్గరైతే దానికోసం పాతిన ఇనప స్తంభాలు ఉంటాయి. తాడు, సంచి కలిపి 200 గ్రాములు. క్యానిస్టర్ కిలో పైనే. బరువు లెక్కలో తాడు గెలుస్తుంది, కానీ ఆరున్నరకే చీకటిపడ్డాక హెడ్‌ల్యాంప్ వెలుగులో సరైన కొమ్మ వెతికి, రాయి కట్టి విసిరి, అది పక్క కొమ్మలో ఇరుక్కుని, చేతులు గడ్డకట్టి... మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను క్యానిస్టరే చెప్తా. ఆ కిలో బరువు నిద్ర రూపంలో తిరిగొస్తుంది.

స్టెప్ 8: నీళ్ళు

లీటర్ నీళ్ళు కిలో. బ్యాగ్‌లో అన్నిటికంటే బరువైన వస్తువు ఇదే, కానీ దీన్నెవరూ షీట్‌లో రాయరు. మందపాటి ప్లాస్టిక్ నాల్జీన్ బాటిల్ ఖాళీదే 180 గ్రాములు, మామూలు లీటర్ స్మార్ట్‌వాటర్ బాటిల్ 40 గ్రాములు కూడా ఉండదు, రెండు కొనుక్కోండి, నీళ్ళు వడకట్టే సాయర్ ఫిల్టర్ సూటిగా దాని మీదే బిగుసుకుంటుంది. రిడ్జ్ మీద నీళ్ళు తక్కువ, ఎండాకాలం పొడిగా గడిస్తే ఫాల్‌కి చాలా ఊటలు సన్నగిల్లుతాయి, కొన్ని ఎండిపోతాయి, కాబట్టి పర్మిట్ తీసుకునేటప్పుడో విజిటర్ సెంటర్‌లోనో ఏవి పారుతున్నాయో అడగండి. తెలిస్తే ఊట నుంచి ఊటకి సరిపడానే మోస్తారు, తెలియకపోతే భయానికి నాలుగు లీటర్లు మోస్తారు.

ఫిల్టర్ ఒకసారి తడిశాక గడ్డకడితే లోపలి సన్న గొట్టాలు పగిలిపోతాయి, బయటికి ఏమీ తెలియదు, నీళ్ళు వస్తూనే ఉంటాయి, క్రిములు కూడా వస్తూనే ఉంటాయి. రాత్రి జిప్‌లాక్‌లో వేసి పక్కలో పెట్టుకోండి. నీళ్ళు శుద్ధి చేసే మాత్రలు నాలుగు అదనంగా, బరువు లెక్కలోకే రాదు. పడుకునే ముందు నాల్జీన్‌లో వేడినీళ్ళు పోసి కాళ్ళ దగ్గర పెట్టుకునే అలవాటున్నవాళ్ళు మాత్రం ఒకటి తెచ్చుకోండి, పల్చటి బాటిల్ మరిగే నీళ్ళకి ముడుచుకుపోతుంది.

స్టెప్ 9: లైటు, ఫోను, మ్యాపు

హెడ్‌ల్యాంప్ కొత్త బ్యాటరీతో, రీఛార్జబుల్ అయితే ఫుల్ ఛార్జ్‌తో. ఫోన్ టార్చ్ చాల్లే అనుకోకండి, చలికి ఫోన్ బ్యాటరీ ఎంత స్పీడ్‌గా దిగుతుందో చూసి ఆశ్చర్యపోతారు. 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ 150 నుంచి 200 గ్రాములు, ఒక్కటి చాలు. పగలు ఎయిర్‌ప్లేన్ మోడ్, రాత్రి ఫోన్, పవర్‌బ్యాంక్ రెండూ క్విల్ట్ లోపల. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేస్కోండి, పార్క్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, దాంతోపాటు కాగితం మ్యాప్ కూడా. పొటోమాక్ అప్పలాచియన్ ట్రైల్ క్లబ్ వేసే మ్యాపుల్లో 9, 10, 11 నంబర్లు పార్క్ ఉత్తర, మధ్య, దక్షిణ భాగాలు, మీరు వెళ్ళే భాగం ఒక్కటే తీస్కోండి. ఐఫోన్ 14, ఆ తర్వాతవాటిలో శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ వెళ్తుంది, చెట్ల కింద అయితే కాస్త తంటాలు పడాలి.

స్టెప్ 10: చిల్లర సామాను

ఒక చిన్న జిప్‌లాక్‌లో: బ్యాండేజీలు, బొబ్బలకి ల్యూకోటేప్, నొప్పి మాత్రలు, విరోచనాలు ఆగే మాత్రలు, మీ రోజువారీ మందులు, టిక్‌లు (ఒంటికి పట్టి రక్తం పీల్చే పురుగులు) తీసే సన్న పట్టకారు, చిన్న కత్తి, లైటర్లు రెండు వేర్వేరు చోట్ల, ప్యాడ్ పంక్చర్ అతుకు, విజిల్.

చలి కదా టిక్‌లు ఉండవులే అనుకోవద్దు. లైమ్ జబ్బు తెచ్చే నల్లకాళ్ళ టిక్‌లలో ఎదిగినవి బాగా తిరిగేదే అక్టోబర్, నవంబర్ నెలల్లో. ప్యాంట్‌కి, సాక్సులకి, బూట్లకి ఇంట్లోనే పర్మెత్రిన్ అనే పురుగులమందు స్ప్రే కొట్టి ఆరబెట్టండి, మోసే బరువు ఏమీ ఉండదు. ఇంట్లో పిల్లి ఉంటే ఆరేదాకా దాన్ని దూరంగా పెట్టండి, దానికి విషం.

ఇక టాయిలెట్ సంగతి, ఎవరూ రాయరు గానీ అందరూ అడుగుతారు. చిన్న అల్యూమినియం పార 17 గ్రాములు, నీటికి, ట్రైల్‌కి, టెంట్‌కి రెండొందల అడుగుల దూరంలో ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గుంత. మనకి నీళ్ళతో అలవాటు కాబట్టి బాటిల్ మూతకి బిగించే చిన్న ప్లాస్టిక్ బిడే అని దొరుకుతుంది, టిష్యూ రోల్ మోసే పని, వాడినవి తిరిగి మోసుకొచ్చే పని రెండూ తప్పుతాయి. దాని కోసం బాటిల్ విడిగా పెట్టుకోండి, చెప్పక్కర్లేదనుకుంటా.

వదిలేయాల్సినవి: క్యాంప్ కుర్చీ, రెండో జత చెప్పులు, పెద్ద టవల్, బ్లూటూత్ స్పీకర్, నవల, రెండో పఫీ జాకెట్, "ఎందుకైనా మంచిది" అని పెట్టిన ప్రతిదీ. పేక ముక్కలు పెట్టుకోండి, పన్నెండు గంటల రాత్రి అని చెప్పా కదా.

స్టెప్ 11: బ్యాగ్ చివర్లో కొనండి

అందరూ ముందు 65 లీటర్ల బ్యాగ్ కొంటారు, అది నిండేదాకా సామాను పెడతారు. పైన చెప్పినవన్నీ ఒక అట్టపెట్టెలో వేసి ఎంత చోటు పట్టిందో చూసి అప్పుడు కొనండి. ఫాల్ సామాను కొంచెం ఉబ్బుగా ఉంటుంది కాబట్టి 50 నుంచి 55 లీటర్లు, బరువు కిలో లోపు. బరువు భుజాల మీద కాదు నడుం మీద పడాలి, కాబట్టి నడుం పట్టీ ఉన్నదే.

నా లెక్క ఇలా వస్తుంది: బ్యాగ్ 900 గ్రాములు, టెంట్ 900, క్విల్ట్ 700, ప్యాడ్ 400, మోసే బట్టలు 1,150, వంట సామాను 300, నీళ్ళ సామాను 180, కరెంట్ సామాను 400, చిల్లర 350, తాడు సంచి 200. మొత్తం 5,480 గ్రాములు, అంటే 12 పౌండ్లు. తాడు బదులు క్యానిస్టర్ అయితే 14. దాని మీద తిండి రెండు కిలోలు, నీళ్ళు రెండు కిలోలు, గ్యాస్ డబ్బా 210 గ్రాములు కలిపితే ట్రైల్ ఎక్కేటప్పుడు 21 నుంచి 24 పౌండ్ల మధ్య. దిగేటప్పుడు 14, 15.

స్టెప్ 12: సర్దడం

ముందుగా బ్యాగ్ లోపల ఒక పెద్ద ట్రాష్ కంపాక్టర్ కవర్ (మందపాటి చెత్త సంచి) వేయండి, తెల్లది అయితే లోపల కనపడుతుంది. బయట కప్పే రెయిన్ కవర్ కంటే ఇదే నయం, రెయిన్ కవర్ ఉన్నా వీపు వైపు నుంచి నీళ్ళు కారతాయి. కవర్ లోపల అడుగున క్విల్ట్, విడి సంచిలో కుక్కకుండా అలాగే తోసేయండి, మూలలన్నీ నిండుతాయి, సంచి బరువూ తగ్గుతుంది. దాని మీద పడుకునే జత, తర్వాత కవర్ మెలితిప్పి మూసేయండి. ఇక సాయంత్రం దాకా దాన్ని తెరవొద్దు.

కవర్ పైన, వీపుకి ఆనుకుని తిండి సంచి, క్యానిస్టర్ ఉంటే అదీ అక్కడే నిలువుగా, బరువు వెన్నుకి దగ్గరగా ఉంటే వెనక్కి లాగదు. వంట గిన్నె, చిల్లర సంచి దాని పక్కన. పఫీ, రెయిన్ జాకెట్, హెడ్‌ల్యాంప్ అన్నిటికంటే పైన, ఎందుకంటే ఆగిన నిమిషంలోనే పఫీ వేసుకోవాలి, చలి వేశాక వెతుక్కోవడం కాదు. తడి టెంట్ ఎప్పుడూ బయటి జేబులో. ఆ రోజు తినేవి, మ్యాప్, ఫోన్ నడుం జేబుల్లో, బ్యాగ్ దించకుండానే అందాలి.

సర్దాక వేసుకుని ఇంటి చుట్టుపక్కల ఒక గంట మెట్లెక్కి దిగండి. వీలుంటే చలిగా ఉన్న ఒక రాత్రి బాల్కనీలోనో పెరట్లోనో అదే పడకలో పడుకోండి. పక్కింటివాళ్ళు ఏమనుకున్నా పర్లేదు, వణుకు వస్తే లోపలికి వెళ్ళిపోవచ్చు, అడవిలో అలా కుదరదు.

స్టెప్ 13: బయల్దేరే ముందు రోజు రాత్రి

ఫోర్‌కాస్ట్ మళ్ళీ చూడండి, అదే పాయింట్ మీద. కాగితం మీద రాసుకున్న నంబర్ కంటే కిందకి పోతే థర్మల్స్ కింద ఇంకో పొర, ప్యాడ్ కింద ఫోమ్ కలపండి, అర కిలో పెరుగుతుంది, పెరగనీయండి. పైకి పోతే గ్లవ్స్, రెయిన్ ప్యాంట్ లాంటివి తగ్గించొచ్చు గానీ మొదట్లో చెప్పిన ఆ నాలుగింటి జోలికి మాత్రం వెళ్ళొద్దు. బ్యాక్‌కంట్రీ పర్మిట్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో ముందే తీస్కొని ఒక కాపీ ప్రింట్ తీసి పెట్టుకోండి, ఏ ట్రైల్, ఎప్పటికి దిగుతారు అన్నది ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్ళండి. పార్క్ లోపల వేట నిషేధం, కానీ మీ రూట్ పార్క్ దాటి బయటి అడవుల్లోకి వెళ్తుంటే అక్కడ వేట సీజన్ ఉండొచ్చు, నారింజ రంగు టోపీ ఒకటి పెట్టుకోండి.

రెండు రోజులూ 40 డిగ్రీల్లో ఎడతెరపి లేని వాన అని చూపిస్తే మాత్రం వెళ్ళకండి. మంచు పడితే దులిపేసుకోవచ్చు, 40 లో వాన ఎముకల్లోకి దిగుతుంది, ఎంత మంచి గేర్ ఉన్నా రెండో రాత్రికి అన్నీ తడుస్తాయి. మంచు, ఐస్ పడితే స్కైలైన్ డ్రైవే మూసేస్తారు, కార్ అక్కడే ఉండిపోతుంది. అప్పుడు తేదీ తర్వాతి వారానికి మార్చుకోండి, రిడ్జ్ మీద ఆకులు రాలినా కింద లోయల్లో రంగు ఇంకొన్ని రోజులు ఉంటుంది.